ఏడో నంబరు జవాను

పెద్దవాళ్ళయ్యాక మనిషి పాదం పెరగదని బందరులో చెప్పుల కొట్టు యజమానితో చాలాసేపు వాదించాను. నా సైజు ఏడు. పెళ్ళినాడు వేసుకున్న బూట్లు ఏడు, ఆ మాట నాకు బాగా గుర్తు. ఆయన మర్యాదస్తుడు. "వయసు మీద పడ్డాక పాదం పరుచుకుంటుందండీ, మీకు ఎనిమిదో తొమ్మిదో పడుతుంది" అని రెండుసార్లు చెప్పాడు. ఎముక శాస్త్రం నేను చదివానండీ అన్నాను. అది నిజమే. అవనిగడ్డ లైబ్రరీలో శరీరశాస్త్రం పుస్తకం ఒకటి ఉండేది, తల నుంచి మోకాళ్ళ దాకా క్షుణ్ణంగా చదివాను. ఆ తర్వాతి పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. పాదాల సంగతి అక్కడే ఉండి ఉంటుందని ఇప్పుడనిపిస్తోంది.

బడి చదువు నాకు అయిదో తరగతితో సరి. గుడివాడ రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ బజ్జీలు కట్టిచ్చిన కాగితాలూ అట్టలు ఊడిన పుస్తకాలూ చదువుకుని పైకొచ్చినవాణ్ణి. అందుకని నా చదువుకి మొదలూ చివరా ఉండవు. కోపం మాత్రం పూర్తి ప్రతి.

బూట్లు దేనికంటే, యుద్ధాల్లోనూ సరిహద్దుల్లోనూ కాలో చెయ్యో పోగొట్టుకున్న సైనికుల సహాయానికని చల్లపల్లిలో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు నడక పెట్టాడు. అవనిగడ్డ నుంచి చల్లపల్లి దాకా. ఫోనులో వచ్చిన ప్రకటనలో 'బూట్లు తప్పనిసరి' అని ఉంది. దివిసీమ మట్టిలో బూట్లేసుకుని నడిచినవాడెవడయ్యా అని ముందు దానిమీద మండిపడ్డాను. తర్వాత బస్సెక్కి బందరు వెళ్ళి కొనుక్కొచ్చాను. నేను మండిపడ్డ పనులన్నీ చివరికి చేసినవే.

మా కోడూరు నుంచి ఆ నడకకి ఇద్దరమే బయల్దేరాం. రెండో మనిషి మాజీ జవాను. సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళమ్మ చేపల గంప మా గుమ్మంలోనే దించేది, అప్పటి నుంచి నేను వాడికి బాబాయ్‌ని. సరిహద్దులో మందుపాతర మీద అడుగు పడి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. కట్టుడు కాలు పెట్టుకుని, పైన ప్యాంటూ బూటూ వేసుకుంటే తెలిసినవాళ్ళు చెప్తే తప్ప తెలియదు.

వాణ్ణి కనిపెట్టుకుని ఉండే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను, ఎవరూ అడగలేదు. మా ఆవిడ గుడిలో పురాణం వినడానికి తీసుకెళ్ళే మడత స్టూలు ఒకటి భుజానికి తగిలించుకున్నాను. అలిసిపోతే మొహమాటపడకుండా నా భుజం పట్టుకో, కూర్చోవాలనిపిస్తే చెప్పు, స్టూలు వేస్తాను అని అవనిగడ్డ సెంటర్లో వాడికి భరోసా ఇచ్చాను. వాడు నవ్వాడు.

అక్కడ కట్టిన బ్యానర్ మీద 'కాలు కోల్పోయిన వీరుల కోసం కాలు కదుపుదాం' అని రాశారు. ఒళ్ళు మండిపోయింది. ఇదేం ప్రాస, ఇదేం మర్యాద అని నిర్వాహకుల కోసం వెతుకుతుంటే వాడు నన్ను పక్కకి లాగాడు.

"బాబాయ్, ఒక మాట. దారిలో నా కాలు సంగతి ఎవరికీ చెప్పమాక."

ఎందుకన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ కరస్పాండెంటు స్కూల్లోనే డ్రిల్లు మాస్టారు ఉద్యోగం ఖాళీ ఉంది. వీడు దరఖాస్తు పెట్టాడు. ఆయన మనిషిని చూడకుండానే ఫోను చేసి, కాలు సంగతి విని చాలా బాధపడ్డాడట. గ్రౌండులో ఎండన పడి మీకెందుకండీ ఆ కష్టం, గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను, కూర్చుంటే చాలు అన్నాడట.

"ఆయన తప్పేం లేదు బాబాయ్, మంచికే అన్నాడు. కానీ కూర్చోటానికైతే మా ఇంట్లోనే ఉంది కుర్చీ. ఇయ్యాళ చల్లపల్లి దాకా అందరితోపాటు నడిచి ఆయన ముందు నిలబడతా. అప్పుడు నేనే చెప్పుకుంటా. ముందు నడక చూడాలి, తర్వాత కాలు చూడాలి. కాలు ముందు చూశారంటే అయ్యో అని వ్యాన్‌లో ఎక్కిస్తారు, ఇంక నడక ఎవరూ చూడరు."

వెనకాల ఒక వ్యాన్ నిజంగానే వస్తోంది, నడవలేనివాళ్ళ కోసం.

మాటిచ్చాను. ఇచ్చాక భయం వేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పెళ్ళయిన కొత్తల్లోనే కనిపెట్టింది. ఊళ్ళో కల్వర్టు కూలితే కలెక్టరుకి చెప్పినవాణ్ణి, కలెక్టరు తెలుగులో తప్పుంటే కల్వర్టు దగ్గర జనానికి చెప్పినవాణ్ణి. చెప్పకుండా ఉండటం నాకు కొత్త విద్య.

నడక మొదలైంది. చలికాలం పొద్దు, కాలవ మీద పొగమంచు, అంతా బాగానే ఉంది. మొదట బూటు ఎడం మడమని రాసింది. తర్వాత కరిచింది. మోపిదేవి గోపురం కనపడేసరికి లోపల ఎవరో కుంపటి పెట్టి విసురుతున్నట్టుంది. వాడు ఒకసారి నా కాలు వంక చూసి, "ఎన్నో నంబరు బాబాయ్?" అన్నాడు. ఏడన్నాను. నా భుజం మీది స్టూలు తీసి తన భుజానికి వేసుకున్నాడు. "నాకూ పుండు పడుతుందనుకో. కానీ ఒక్క కాలికే. ఆ లెక్కన నాకు సగం లాభం" అని నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు.

మోపిదేవిలో గుడికి వచ్చినవాళ్ళు రోడ్డు పక్కన ఆగి మమ్మల్ని చూస్తున్నారు. టీకొట్టు దగ్గర ఒకాయన ముందు ఏ పార్టీ అండీ అని అడిగాడు. మా వైపు నడిచేవాళ్ళంతా ఓట్లకో మొక్కుకో నడుస్తారు, మూడో కారణం ఆయన ఎరగడు. పక్కవాడు బ్యానర్ చదివి వినిపించాడు. అప్పుడు ఆ జనం కళ్ళన్నీ కాలు పోయిన వీరుడి కోసం వరస మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాయి. నిటారుగా నడుస్తున్న వాణ్ణి దాటి వచ్చి, వాడి భుజం పట్టుకుని ఎడం కాలు ఈడుస్తున్న నా మీద ఆగిపోయాయి.

టీకొట్టాయన సెల్యూట్ కొట్టాడు. నేను కాదండీ అన్నాను. ఆయన పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, చూశారా, అసలైనవాళ్ళు చెప్పుకోరు అన్నాడు. గ్లాసులో టీ చేతికొచ్చింది, వద్దంటే బిస్కెట్లు కూడా వచ్చాయి. నా పక్కన స్టూలు మోస్తున్నవాడికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నా బిస్కెట్టులో వాడే సగం తీసుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. తనని ఎవరూ కనిపెట్టలేదని వాడి సంతోషం.

నిజం చెప్పాలంటే, టీ తాగుతున్నంతసేపూ నా వెన్ను కొంచెం నిటారుగా అయింది. ఇన్నేళ్ళ బతుకులో నాకు సెల్యూట్ కొట్టినవాళ్ళు లేరు. మిల్లు గేటు దగ్గర కాపలావాడు కూడా కొట్టేవాడు కాదు.

ఊరు దాటాక రోడ్డు పక్క గోనెపట్టా మీద ఉడికించిన తాటి తేగలు పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నా ఈడుదే. బ్యానర్ చదవగలిగిన మనిషి కాదు, ఎవరో చెప్పి ఉంటారు. లేచి నాకు అడ్డంగా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏ కాలు నాయనా, ఎడందేనా?"

"నాకు రెండు కాళ్ళూ ఉన్నాయమ్మా. బూటు కరిచిందంతే."

"అట్టాగే అంటారు నాయనా మీరు. ఉప్పెనప్పుడూ అంతే. మా అమ్మని బురదలోంచి తీసిన మిలిటరీ అబ్బాయికి చేతులు రెండూ పుళ్ళే. నేను చూస్తుంటే వెనక్కి దాచుకుని, మట్టి అంటిందిలే అన్నట్టు సైగ చేశాడు. మన మాట రాదు ఆ బిడ్డకి."

డెబ్బై ఏడు ఉప్పెన వెళ్ళిన వారం నేనూ ఈ సీమలోనే ఉన్నాను. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆ కుర్రాళ్ళని చూశాను. అయినవాళ్ళు దగ్గరకి పోలేని శవాలని వాళ్ళు ఎత్తారు. ఈ నడకకి నేను వచ్చిందీ అందుకే. కానీ ఆ కుర్రాళ్ళ బాకీ నాకు తీరుస్తుందేమిటి ఈవిడ?

"నేను కాదమ్మా. నా మాట నమ్ము" అన్నాను.

"నువ్వు కాకపోతే మరెవరు?"

అదిగో, అక్కడ ఇరుక్కున్నాను. పక్కనే ఉన్నాడు వాడు. స్టూలు భుజాన వేసుకుని కాలవ వంక చూస్తున్నాడు. వేలెత్తి చూపిస్తే చాలు. ఆవిడ ఏడుస్తుంది, జనం మూగుతారు, వ్యాన్ తలుపు తెరుచుకుంటుంది. నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. జీవితంలో మొదటిసారి నోట్లో నువ్వుగింజ నానింది.

నా మౌనం ఆవిడకి చాలింది. వంగి నా ఎడం బూటు మీద అరచెయ్యి వేసి, చెక్క కాలుని నిమిరినట్టు మెల్లిగా నిమిరింది. సరిగ్గా పుండు మీద. అబ్బా అన్నాను. ఇంకా సలుపుతోందా తండ్రీ అని కళ్ళు ఒత్తుకుని తేగల కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. కొంత దూరం వచ్చాక వెనక్కి చూశాను. ఇంకా నిలబడే ఉంది. నేను ఆవిడ కోసం మరికాస్త కుంటుతూ నడిచాను. ఎందుకో నాకే తెలియదు.

చల్లపల్లి చేరేసరికి ఎండ ఎక్కింది. స్కూలు ముందు షామియానా, యూనిఫారాల్లో పిల్లలు, మైకు. కరస్పాండెంటు మమ్మల్ని దూరం నుంచే చూసి, మైకు చేత్తో పట్టుకుని వేదిక దిగి ఎదురొచ్చాడు. వీడితో, "ఏమయ్యా, జాగ్రత్త, ఆయన్ని మెల్లిగా కూర్చోబెట్టు" అన్నాడు. వీడు చిత్తం అన్నట్టు తలూపి, స్టూలు విప్పి, నన్ను కూర్చోబెట్టాడు. ఎవరి కోసం మోసుకొచ్చానో ఆ స్టూలు మీద నేను. బంతిపూల దండ నా మెడలో పడింది. ఈ వయసులో, ఈ కాలుతో, ఇంత దూరం నడిచిన ఈ మహానుభావుణ్ణి చూసి మనం నేర్చుకోవాలని ఆయన మైకులో చెప్తున్నాడు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నేను వాడి వైపు చూశాను. ఆగమన్నట్టు కళ్ళతోనే చెప్పాడు.

ఆయన మైకు దించి వాడి వైపు తిరిగాడు. దించాడే కానీ కట్టెయ్యలేదు.

"దారంతా నువ్వే పట్టుకొచ్చావంట. నీకసలు అలుపే లేదే. ఎవరు బాబూ నువ్వు?"

వాడు కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు.

"గేటు దగ్గర కుర్చీ ఇస్తానని మీరు ఫోన్లో చెప్పింది నాకేనండీ. కాలు పోయింది నాదండీ. ఈ బాబాయ్‌ది బూటు కరిచింది."

ఆ ఆఖరి ముక్క మైకులోంచి చల్లపల్లి సెంటరు దాకా వినపడింది. ముందు ఒక పిల్లవాడు నవ్వాడు, తర్వాత బడంతా నవ్వింది. నేను దండ తీసెయ్యబోతే కళ్ళజోడుకి చిక్కుకుని రెండూ కలిసి ఊడివచ్చాయి. జోడు లేక అంతా మసక. అందువల్ల కరస్పాండెంటు ముఖం ఎట్లా మారిందో చూడలేకపోయాను, గొంతు మాత్రం విన్నాను. ముందు మైకు కట్టేసిన టక్కుమనే చప్పుడు. తర్వాత, "సోమవారం పొద్దున్నే రండి" అన్నాడు.

"గేటుకా అండీ?"

"గ్రౌండుకండీ. ముందు నెల రోజులు చూద్దాం. మీకు కష్టమనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం."

కష్టమైతే పిల్లలకండీ అన్నాడు వీడు. ఆయన నవ్వాడు. 'నువ్వు' అన్న నోరే ఒక్క నిమిషంలో 'మీరు' అందని నేను గమనించాను. వ్యాకరణం విషయంలో కళ్ళజోడు అక్కర్లేదు నాకు.

తిరుగుప్రయాణం ఆటోలో. బూట్లు ఒళ్ళో, కాళ్ళు గాలికి. ముసలమ్మ దగ్గర ఆపించాను. ఇంక మాట కట్టు లేదు కదా, నా నోరు నాకు వచ్చేసింది. అమ్మా, నువ్వు తేగలిచ్చింది తప్పు మనిషికి, జవాను వీడు, కాలు పోయింది వీడికి అని గబగబా చెప్పేశాను. వాడు ఆటో దిగి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత ఆటోలో ఉన్న నా వాచిన కాలు చూసింది.

"పోనీలే నాయనా. నీ నొప్పి దాచుకోటానికి ఈ రాయిలాంటి బిడ్డని ముందు పెడతావా" అంది. వాడితో, "ఈయన్ని భద్రంగా ఇంట్లో దించు అబ్బాయ్" అంది.

"అట్టాగేనమ్మా" అన్నాడు వాడు.

ప్యాంటు ఎత్తి చూపించరా అన్నాను. ఎందుకు బాబాయ్, ఆమె నమ్మకపోతేనే నాకు సంతోషం అని ఎక్కి కూర్చున్నాడు. ఆటో కదిలింది. ఈ కట్ట నీది అని వాడి ఒళ్ళో పెట్టాను. అందులో ఒక తేగ తక్కువ. ఆకలికి దారిలో నేను తిన్నది అది, ఆ సంగతి మాత్రం చెప్పలేదు. వాడు ఒక తేగ నిలువుగా చీల్చి, మధ్యలో తెల్లగా ఉండే చందమామని, చిన్నప్పుడు మేమంతా కొట్టుకున్న ముక్కని, నా చేతిలో పెట్టాడు.

"తిను బాబాయ్. కాలు పోయినోడివి."