మూత కింద కొరమీను

"అక్కా, అక్షింతలు నువ్వు వెయ్యొద్దు, వెనకుండు" అంది మా చెల్లెలు, తన కూతురి పెళ్లిపందిట్లో. "ఇంక నీ గుమ్మం తొక్కనే" అన్నాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. ఇది జరిగి మూడేళ్లు. తాడేపల్లిగూడెంలో అది, ఏలూరులో నేను, మాటల్లేవు. అందరూ మర్చిపొమ్మంటారు. మర్చిపోలేకపోవడం నా తప్పా అనుకుంటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అందుకే మా మనవరాలి చేత ఇది రాయిస్తున్నాను.

నా చిన్నప్పుడు మేం కొల్లేరు లంకలో ఉండేవాళ్లం. పక్కింటి పెద్దమ్మకి బాతులుండేవి. ఒకరోజు గుడ్లు తక్కువయ్యాయని, రేవులో అందరి ముందూ నన్ను దొంగ అంది. రెండ్రోజులకి గుడ్లు తుంగలో దొరికాయి. బాతులే అక్కడ పెట్టాయి. పెద్దమ్మ వాటిని ఏరుకుని వెళ్లిపోయింది గాని నాతో ఒక్క మాటా అనలేదు. ఆవిడ పిలిచినా నేను పలకడం మానేశాను. పెద్దవాళ్ల మీద కోపమేంటని మా అమ్మ కసిరింది.

అమ్మమ్మ కసరలేదు. "కోపం రావాల్సిందేనే. రాకపోతే నువ్వే తీశావని ఒప్పుకున్నట్టు" అంది. తర్వాత ఒక కుండలో నీళ్లు పోసి, బతికున్న కొరమీనుని వేసి, మూత మీద రాయి పెట్టింది. అది పెద్దమ్మకి నేనే ఇవ్వాలట. ఎప్పుడన్నది నా ఇష్టమట. చచ్చిన చేప మాత్రం ఇవ్వకూడదట.

రోజూ పొద్దున్నే నీళ్లు మార్చేదాన్ని. చేప ఎగిరిపోకుండా మా చెల్లెలు మూత పట్టుకునేది. రెండ్రోజులు గర్వంగానే ఉంది. మూడోరోజుకి ఆటల్లేవు, ధ్యాసంతా కుండ మీదే. నాలుగోరోజు మూతకి కొట్టుకునే చప్పుడు ఆగిపోయింది. మూత తీసి చూస్తే చేప మొప్పలు నెమ్మదిగా ఆడుతున్నాయి. కుండ చంకనెత్తుకుని రేవుకి పరుగెత్తాను. పెద్దమ్మ అక్కడే బట్టలు ఉతుకుతోంది.

"నేను తియ్యలేదు పెద్దమ్మా. నలుగురిలో అన్నావు, కాదని కూడా నలుగురిలోనే చెప్పు" అన్నాను.

పెద్దమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుని కుండ అందుకుంది. తర్వాత, పిల్ల తియ్యలేదని, తనే నోరు జారానని రేవంతా వినబడేలా చెప్పింది. ఆ మధ్యాహ్నం అదే కొరమీను పులుసు పెట్టి మా అక్కచెల్లెళ్లిద్దరికీ అన్నం కలిపి పెట్టింది.

అమ్మమ్మ ఏమీ విడమరచి చెప్పలేదు. ఇన్నాళ్లకి నాకు తెలిసింది ఇంతే. నేనూ ఒక మనిషిననే కదా నాకు నొప్పి పుట్టింది, దాన్ని పారేయక్కర్లేదు. కాకపోతే అది చేరాల్సింది ఆ మాట అన్నవాళ్లకి. నేను మూడేళ్లుగా నీళ్లు కూడా మార్చకుండా మూత పట్టుకు కూర్చున్నాను.

వచ్చే వారం మా చెల్లెలి మనవడికి అన్నప్రాసనట. రేపు బజార్లో బతికున్న కొరమీనుని బకెట్లో వేయించుకుని గూడెం బస్సెక్కుతాను. తొక్కనన్న గుమ్మం బయటే నిలబడి, అన్నప్రాసన రోజు అందరి ముందూ నా చేత మొదటి అక్షింతలు వేయించమని అడుగుతాను. ఆ మూత పట్టుకున్న చెయ్యి దానిదే. దానికి గుర్తుండకపోదు.

రాయడం అయిందా అమ్మా? ఏదీ, మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించు. రేపు గుమ్మం దగ్గర నాకు మాట తడబడకూడదు.