గుండె వాచీని నమ్మి యాదగిరిగుట్ట మెట్లెక్కిన రోజు

నా గుండెకు స్టెంట్లు వేసిన రోజు మా అక్క మొక్కుకుంది, నేను బాగుపడితే యాదగిరిగుట్ట మెట్ల దారిన నడిచి ఎక్కుతానని. నేను బాగుపడ్డాను. మొక్కు తీర్చకుండానే అక్క పోయింది. పెళ్ళిళ్ళు చేసుకోకుండా నల్లగొండలో ఒకే ఇంట్లో బతికినవాళ్ళం, ఇక తీర్చాల్సింది నేనే.

డాక్టరు వద్దనలేదు, షరతులు పెట్టాడు. మెల్లగా ఎక్కాలి, గుండె వేగం నూట పది దాటకూడదు, పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత నిదానంగా నడవాలి. చివరిది విని నవ్వొచ్చింది. పక్కన మనిషిని ఎక్కడి నుంచి తేను? సాయంత్రం నడకకు పోతే అక్క నోటికి తాళం ఉండేది కాదు, నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ తిప్పితేనే చప్పుడు. మనిషికి బదులు వాచీ కొన్నాను. చేతికి కట్టుకుంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూపిస్తుంది. దవాఖానలో నన్ను కూర్చోబెట్టి వాచీని మిషనుతో పోల్చి చూశారు, రెండింటిలోనూ ఒకటే అంకె. ఇక నమ్మేశాను.

పొద్దున ఆరింటి బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు కిరాయి లేదు. చిట్యాల, రామన్నపేట మీదుగా భువనగిరిలో దిగి బస్సు మారాలి. తొమ్మిది దాటాక గుట్ట కింద ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని మెట్ల దగ్గరికి చేరాను. పైకి బస్సులున్నాయి కాబట్టి మెట్ల మీద జనం పలచగా ఉన్నారు. రెయిలింగు గట్టిగా పట్టుకుని, నాలుగు మెట్లకోసారి వాచీ చూసుకుంటూ ఎక్కుతున్నాను. ఎనభై ఎనిమిది. నా గుండె గట్టిదేనని మురిసిపోయాను.

"ఏందక్కా, ఊకె గడియారం దిక్కే సూస్తున్నవ్? బస్సు పోతదా?"

కొబ్బరికాయల సంచీతో ఒకామె పక్కకొచ్చింది. కట్టంగూర్ నుంచి వచ్చారట, ఇంటివాళ్ళు బస్సులో పైకి పోయారు, ఆమెకు మాత్రం మెట్ల మొక్కు. "ఏ ఊరు మీది? ఒక్కదానివే వచ్చినవా?" అని అడిగింది. జవాబు చెప్దామని నోరు తెరిచాను, మాట రాలేదు. ఊపిరే సరిపోవడం లేదు. వాచీలో ఇంకా ఎనభై ఎనిమిదే. మెడ మీద వేళ్ళు పెట్టి చూస్తే గుండె లెక్కకు అందకుండా కొట్టుకుంటోంది. భయమేసింది. ఇక్కడ పడిపోతే ఎవరికి ఫోన్ చేయమని చెప్పాలో కూడా నాకు తెలియదు.

"జర కూసో అక్కా. దేవుడు యాడికి పోతడు?" అని నీళ్ళ సీసా చేతికిచ్చింది.

దమ్ము కుదిరేదాకా చాలాసేపు కూర్చున్నాం. నొప్పి లేదు, చెమట ఆరింది. అప్పుడు సంగతంతా చెప్పాను. "మాట్లాడుకుంట నడవగలిగితే ఫికర్ లేదన్నడు చెల్లె డాక్టరు."

"గంతేనా? నేను అడుగుత, నువ్వు చెప్పు. నీ మాట ఆగితే కూసుందాం."

అలాగే ఎక్కాం. రెండుసార్లు మాట తెగితే రెండుసార్లూ కూర్చోబెట్టింది. పైకి దగ్గరపడుతుండగా, "మీ అక్క ఏం కూర మంచిగ వండేది?" అంది.

"పుంటికూర. ఉప్పు మాత్రం ఎక్కువేసేది..." మాట తెగింది.

ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "గిది ఆయాసమా, ఏడుపా?"

"ఏడుపే."

"అయితె ఎక్కు."

పైన ఆమె ఇంటివాళ్ళు చెయ్యి ఊపి పిలిస్తే అటు పోయింది. నేను దర్శనం చేసుకుని బస్సులో కిందికి దిగాను. తర్వాత డాక్టరుకు చెప్తే, కుదురుగా ఉన్నప్పుడు మణికట్టు వాచీ సరిగ్గానే చూపిస్తుందని, చెయ్యి కదిలినా దేన్నైనా గట్టిగా పట్టుకున్నా లెక్క తప్పవచ్చని, ఛాతీకి కట్టే పట్టీ ఇంకాస్త నయమని అన్నాడు. ఏది కట్టుకున్నా ఆయాసం వస్తే అంకె చూడకుండా ఆగిపోవాలట. వాచీని తప్పుపట్టను. అది ఒక్కటే నాకు జవాబిస్తోందని దాన్ని నమ్మాను. ఆ గంటసేపు మాట్లాడినంత నేను అక్క పోయాక ఎవరితోనూ మాట్లాడలేదు.

గుండె జబ్బుతో గుట్ట ఎక్కేవాళ్ళకు ఒక్క మాట. పక్కన ఎక్కేవాళ్ళతో మాట కలపండి, మాట తెగితే కూర్చోండి. పైకి చేరాక వాళ్ళు గుంపులో కలిసిపోకముందే పేరు, ఫోన్ నంబరు అడిగి పెట్టుకోండి. నేను అడగలేదు.