నేరేడు రంగు గీత

మిత్రులారా, బాగున్నారా? ముందుగా, ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. మన సార్ పోయారన్న కబురు మీకు ఫోన్లో చేరింది, చెప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. "రోజూ చూసేవాడివి నువ్వే కదా అన్నా, నాలుగు మాటలు రాయి" అని మీరంతా అడిగారు. సరేనన్నాను. తర్వాత షాపులో అడ్మిషన్ల రద్దీ మొదలైంది. అది సాకేలెండి. రాస్తే అయిపోయినట్టే అనిపించి చెయ్యి ఆడలేదు. ఇవాళ మధ్యాహ్నం గిరాకీ పలచగా ఉంది, కూర్చుని గబగబా టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

సార్‌ని ఎరగనివాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి కాస్త మొదటి నుంచీ చెబుతాను. మదీనాగూడలో, ముంబై హైవే మీంచి లోపలికి తిరిగే సందులో నాది జిరాక్స్, ప్రింటింగ్, ఫొటో ఫ్రేముల షాపు. పై అంతస్తులో సార్ క్లాసు. ఆ పైన సార్, అమ్మగారు కిరాయికి ఉండేవారు. కాకినాడ వైపు మనుషులు. సర్కారు గణాంకాల శాఖలో పనిచేసి రిటైరయ్యాక, కొండాపూర్ నుంచీ నిజాంపేట నుంచీ వచ్చే ఐటీ పిల్లలకు ఆదివారం పొద్దున్నే 'ఆర్' నేర్పేవారు. ఆర్ అంటే అంకెలిస్తే లెక్క కట్టి బొమ్మ గీసి చూపించే ప్రోగ్రామ్. నాకు తెలిసినంతలో అంతే.

జిరాక్స్ షాపువాడికి ఆ క్లాసులో ఏం పని అని కొత్తవాళ్లు అడుగుతారు. ఒకరోజు సార్ శిష్యుడొకడు పెన్‌డ్రైవ్ ఇచ్చి "ఫైల్ల ఉన్నయన్నీ కొట్టు అన్నా, జర బయటికి పోయొస్త" అని వెళ్లిపోయాడు. కొట్టాను. మొదటి పేజీలో కొండలాంటి బొమ్మ. రెండో పేజీలో అదే కొండ. మూడులో అదే. మిషను ఆగదు, కొండ మారదు. మిషనుకు పిచ్చెక్కిందనుకుని కాగితాల కట్ట పట్టుకుని మేడెక్కాను.

"సార్, గిదేంది సార్? మీ పిల్లగాడు ఒక్కటే గుట్టను ఇన్నిసార్లు కొట్టిచ్చిండు!"

సార్ కళ్లజోడు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పారు. నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు.

"గుట్ట కాదండీ, హిస్టోగ్రామ్, అంకెల్ని దిమ్మెల్లా పేర్చి గీసే బొమ్మ. మావాడు పీడీఎఫ్ ఫైలు తెరిచి, దాన్లోకి బొమ్మ గీశాడు. అలా గీస్తే బొమ్మ ఫైల్లోకి పోతుంది, తెర మీదికి రాదు. రాలేదే అని మళ్లీ గీశాడు. మళ్లీ రాలేదు, మళ్లీ గీశాడు. చివరికి ఫైలు మూసేసరికి గీసినవన్నీ లోపల పేజీలై కూర్చున్నాయి."

"అంటే కనబడకున్నా గీసినట్టేనా సార్?"

"గీసినట్టేనండీ. చూపించడం ఒక పని, దాచడం ఒక పని. ఈ పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. అదేనండీ చిక్కంతా."

ఆ వచ్చే ఆదివారం నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. "షాపుగారూ, వచ్చి వినండి. కింద మీ దగ్గర పంచాయతీలు తగ్గుతాయి" అన్నారు. నన్ను అలాగే పిలిచేవారు, చివరి వరకూ. మేం సిద్దిపేట దిక్కువాళ్లం, పేరు చివర గారు తగిలించుకునే అలవాటు లేదు. షాపుకు గారు పెట్టడం నేను ఆయన నోటనే విన్నాను.

సార్ పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. బొమ్మ దాచేటప్పుడల్లా వేలు పైకెత్తి అడిగేవారు: "తెరిచారా? గీశారా? తలుపు వేశారా?" మూడోది గట్టిగా. ఫైలు తెరిచి, బొమ్మ గీసి, చివర మూసే ఆ ఒక్క కమాండు ముక్క కొట్టకపోతే ఫైలు పేరు కనబడుతుంది కానీ నొక్కితే ఏమీ రాదు. మూసేస్తే రెండు పనులు అవుతాయి. బొమ్మ దక్కుతుంది, తర్వాత గీసేది మళ్లీ తెర మీదికొస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా మనం మరిచేవాళ్లం. ఒకడు పీఎన్‌జీ ఫైలు తెరుచుకోవట్లేదని ల్యాప్‌టాప్‌నే ఫార్మాట్ కొట్టించుకొచ్చాడు, గుర్తుందా? సార్ వాణ్ణి తిట్టలేదు. "తలుపు వెయ్యలేదని ఇల్లు కూల్చేశావు నాయనా" అన్నారు, అంతే.

తెరని ఫోనుతో ఫొటో తీస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "అందులో మా ఫ్యాను కూడా పడింది చూడండి. మీ మేనేజరుకి మా ఫ్యాను ఎందుకండీ? తెరకి జ్ఞాపకం ఉండదు కదా అని ఫొటో తీశారు, బాగానే ఉంది. ఆ దాచేదేదో సరిగ్గా ఫైల్లోనే దాచొచ్చు కదా." బొమ్మ పోగొట్టుకుని మొహం వేలాడేసుకున్నవాడిని మాత్రం ఓదార్చేవారు. "బొమ్మ పోతే పోయింది. ఎలా గీశామో ఆ కమాండ్లు రాసి పెట్టుకున్నారా? పెట్టుకుంటే ఏడవకండి."

రంగుల సంగతి కూడా చెప్పాలి. గీతకు ఏ రంగు పెడదామని క్లాసులో ఎవరైనా అడిగితే సార్ ఎప్పుడూ వెంటనే చెప్పేవారు కాదు. "ఇంట్లో కనుక్కుని చెప్తానండీ" అనేవారు. వచ్చే ఆదివారం "మావిడి చిగురు రంగు" అనో "గుమ్మడిపువ్వు రంగు" అనో పట్టుకొచ్చేవారు. ముందు బెంచీలో కూర్చునే మన వరంగల్ అమ్మాయి ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"రంగుకు గూడ మేడం పర్మిషన్ కావాల్నా సార్?"

"సంసారం అన్నాక అంతేనమ్మా. రేపు నీకూ తెలుస్తుందిలే."

క్లాసంతా నవ్వాం. సార్ కూడా మాతోపాటు నవ్వారు.

ఇక నా గోడ మీది బొమ్మలు. జిరాక్స్ మిషనులో ఎన్ని పేజీలు తిరిగాయో చూపించే మీటరు ఉంటుంది. షట్టర్ దించే ముందు ఆ అంకెను గోడ క్యాలెండర్లో రాయడం నాకు అలవాటు, సర్వీసు కుర్రాడు వస్తే అడుగుతాడని. సార్ అది చూసి ముచ్చటపడ్డారు. "ఇంత మంచి అంకెలు గోడకి వేలాడదీశారేంటండీ" అని షాపు కంప్యూటర్లోకి ఎక్కించి ఒక గీత గీశారు. కంపెనీలు కొత్తవాళ్లను తీసుకునే రోజుల్లో గీత లేచేది. సర్టిఫికెట్లు, ఆధార్‌లు, ఫొటోలు, ఒకటే రద్దీ. తీసేసే రోజుల్లో వంగేది. ఇక్కడ సందులో కూర్చున్న నాకు హైటెక్ సిటీ ఊపిరి ఆ గీతలో కనిపించేది.

ఆఫీసులన్నీ ఇళ్లలోకి వెళ్లిపోయిన కాలంలో ఆ గీత జారిపోయింది. కొండ చరియలా ఒక్కసారిగా కిందికి.

"ఇగ అయిపోయింది సార్. షాపు తీసేసి క్యాబ్ నడుపుకుంట."

"కంగారు పడకండి. కిందిగీత ఎక్కడ మొదలైందో చూశారా? మనం చెప్పకపోతే ప్రోగ్రాము తనకి కావలసినంత ముక్కే చూపిస్తుంది. సున్నా నుంచి గీయమందాం, ఉండండి." ఏదో మార్చి మళ్లీ గీశారు. చరియ పోయి పల్లం అయింది. "పడ్డమాట నిజమేనండీ, అబద్ధం చెప్పను. కానీ ఎంత పడ్డామో అంతే చూద్దాం. అంతకంటే ఎక్కువ ఎందుకు?"

షాపు తీసెయ్యలేదు. ఇప్పుడు ఈ మాటలు ఆ షాపులో కూర్చునే రాస్తున్నాను.

అప్పటి నుంచీ మార్చి దాటగానే సార్ కిందికొచ్చి ఆ ఏడాది గీత గీసేవారు. మందం కాగితం మీద ప్రింటు తీసి నేను ఫ్రేము కట్టేవాణ్ణి. ఏడాదికో రంగు. మీరంతా చూశారు కదా, కౌంటరు వెనక గోడ మీద వరసగా ఉన్నవి అవే.

ఈసారి కూడా వచ్చారు. మధ్యాహ్నం భోంచేసి, మెల్లగా మెట్లు దిగి, నా కుర్చీలో కూర్చుని గీత గీశారు. బూడిద రంగులో వచ్చింది. కమాండ్లు ఎప్పట్లాగే విడిగా దాచారు. బొమ్మని మాత్రం ఫైల్లో దాచలేదు.

"రంగు ఇంకా పెట్టలేదండీ. పేరు గుర్తుంది, కంప్యూటరుకి రంగుని అంకెతో చెప్పాలి, ఆ అంకె వెతకాలి. కాస్త నడుం వాల్చి సాయంత్రం వస్తాను. అప్పుడు దాచేద్దాం, తెర మీద ఉండనివ్వండి."

సాయంత్రం సార్ రాలేదు. అంబులెన్సు వచ్చింది. తెల్లారి దవాఖాన నుంచి ఫోను.

బొమ్మ దాచడం నాకు వచ్చు, సార్ శిష్యుణ్ణే కదా. కానీ సార్ వచ్చి రంగు మార్చనిదే అది పూర్తికానట్టే. పూర్తికానిదాన్ని నేనెలా దాస్తాను? తెర మీద ఆ బొమ్మ ఉన్న కిటికీని కిందికి జరిపి గిరాకీల పని చేసుకునేవాణ్ణి, ఎవరూ లేనప్పుడు పైకి తెచ్చి చూసుకునేవాణ్ణి. బూడిద రంగు గీత అలాగే ఉండేది, సార్ ఇప్పుడే లేచి వెళ్లినట్టు. ఒకరోజు గాలివాన వచ్చి కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కూసి ఊరుకుంది. మళ్లీ కంప్యూటర్ వేసేసరికి కిటికీ లేదు. తెరకి జ్ఞాపకం ఉండదని సార్ ఎన్నిసార్లు చెప్పలేదు!

పెద్దకర్మ అయ్యాక అమ్మగారిని పలకరించడానికి పైకి వెళ్లాను. మంచినీళ్లిచ్చి, ఆవిడే అడిగారు.

"ఈ ఏటి బొమ్మ అయిందాండీ? ఆ రోజు పొద్దుణ్ణుంచీ దాని గొడవే ఆయనకి."

"గీసిన్రు అమ్మా. రంగు పెట్టలే. ఏ రంగు అనుకున్నరో నాకు తెల్వది."

ఆవిడ నా వైపు తిరిగారు. "మీకెవరికీ చెప్పలేదన్నమాట. ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనబడేవండీ. చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే నన్ను అడిగేవారు."

సంసారం అన్నాక అంతే అన్నప్పుడు మనమంతా ఎంత నవ్వామో గుర్తొచ్చింది.

"ఆ రోజు భోజనాల దగ్గర కూడా అడిగారు. నేరేడుపండు రంగు పెట్టండి అన్నాను. అదెలా ఉంటుంది మీకు అని అడిగాను, ఊరికే. ముదురు నీలంలా ఉంటుందే నాకు, అయినా నువ్వు చూసే రంగే పెడతాలే అన్నారు." కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "అంతవరకే మాట్లాడుకున్నాం. నిద్ర లేచాక ఒంట్లో బాలేదన్నారు."

ఆ ఆదివారం వరంగల్ అమ్మాయిని రమ్మన్నాను. ఇప్పుడు మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగం, అయినా పిలవగానే వచ్చింది. క్లాసు వేళకే వచ్చింది, పైన క్లాసు లేకపోయినా. అమ్మగారు మెల్లగా దిగివచ్చి గిరాకీల స్టూలు మీద కూర్చున్నారు. సార్ దాచిన కమాండ్లు తెరిచి అమ్మాయి నడిపించింది. గీత వచ్చింది. అదే గీత, అవే ఎత్తుపల్లాలు, కింద సున్నా నుంచి.

అమ్మాయి రంగు మార్చింది. "ఓకేనా అమ్మా?"

"వంకాయలా ఉందమ్మా."

"గిది?"

"అది బట్టలకి పెట్టే నీలిమందు. నేరేడు ఎప్పుడూ తినలేదా ఏంటే?"

"తిన్న అమ్మా, రంగు చూస్కుంట ఎవరు తింటరు!"

అమ్మగారు నవ్వారు. సార్ పోయాక ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు. ఇంకొంచెం ముదురు, ఇంకొంచెం ఎరుపు అంటూ ఆవిడ చెబుతూ పోయారు, ఈ పిల్ల అంకెలు మారుస్తూ పోయింది. చివరికి "ఆ, ఉంచు. ఇదే" అన్నారు.

దాచే పని నన్ను చేయమంది అమ్మాయి. ఫైలు తెరిచాను. గీశాను. తెర మీద ఏమీ రాలేదు.

"ఏమైందండీ, రాలేదా?" అన్నారు అమ్మగారు.

"వచ్చిందమ్మా. లోపల ఉన్నది."

ఇక మూసే ముక్క ఒకటే మిగిలింది. అది కొడితేనే బొమ్మ దక్కుతుంది. కొట్టేస్తే సార్ నా షాపులో మొదలుపెట్టిన ఆఖరి పని ముగిసిపోతుంది. మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడైతే అటు చూశాను. పక్క పోర్షన్‌వాళ్లు.

"అన్నా, తలుపు" అంది అమ్మాయి, మెల్లగా.

వేశాను.

ప్రింటు బాగా వచ్చింది. అమ్మగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని గీత మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు వేలు పోనిచ్చారు. ఫ్రేము కట్టడం అయిపోయింది, అద్దం కూడా బిగించాను. తగిలించబోతే ఆవిడే వద్దన్నారు. "పిల్లలందరూ వచ్చినరోజు తగిలిద్దురుగాని."

అందుకని అది ఇప్పుడు కౌంటరు మీద గోడకు ఆనించి ఉంది. సాయంత్రం ఎదురింటి అద్దాల మీంచి ఎండ పడితే ఆ గీత నల్లటి నేరేడులా మెరుస్తుంది, కాస్త పక్కకు జరిగి చూస్తే ముదురు నీలంలా ఉంటుంది. సార్‌కి ఎలా కనబడేదో అప్పుడు కొంచెం తెలుస్తుంది నాకు. పాత ఫ్రేముల పక్కన మేకు కొట్టి ఉంచాను. ఆదివారం పొద్దున, మన క్లాసు వేళకైతే అమ్మగారు ఉప్మా చేస్తానంటున్నారు. మరి చెప్పండి, ఎప్పుడు కలుద్దాం?