ఏమీ ఇయ్యొద్దని చాటింపు వేసిన బ్యాండు

మా చిన్నప్పుడు నకిరేకల్ పక్కన మా ఊళ్ళో డప్పు మోగిందంటే చాలు, ఇంటావిడ చాటలో జొన్నలు తీసుకుని గడపలోకి వచ్చేది. మేం లంగా కొసలు రెండు చేతులా ఎత్తి ఒడి పట్టేవాళ్ళం. ఆమె పైనుంచి పోసేది... చాట మాకు తగలకుండా. నడక నేర్చిన పిల్లకు మా వాడలో నేర్పే మొదటి పని అదే.

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. "పాత రోజులే బాగుండేవి" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అందుకే ఇది చెప్పాలనిపించింది.

నిజాం రాజ్యం, లెవీ కాలం. పండిన ధాన్యం సర్కారు పట్టుకుపోయేది. కూలికి పోతే గింజలు సగమే కొలిచేవారు. మాకు భూమి లేదు. మా నాయిన ఏసోబుకు డప్పు వచ్చు. పాదిరి దొర వెళ్ళిపోతూ మేం ప్రార్థన చేసుకునే గుడిసె గుడిలో వదిలేసిన క్లారినెట్ కూడా వచ్చు. దాంతోపాటు రెండు బాకాలు, ఒక పెద్ద డ్రమ్ము ఉండేవి. మా పెద్దనాయిన ఎల్లయ్య డ్రమ్ము కొట్టేవాడు. ఇంకో ఇద్దరు బాకాలు ఊదేవారు. అదీ మా బ్యాండు!

ఒక ఏడాది, వేపచెట్లు పూతమీదున్న రోజుల్లో, ఈస్టర్ పండుగ దగ్గరికొచ్చింది. నాయినకు ఒక ఆలోచన పుట్టింది. ఊరందరికీ చావడి ముందు ఊరికే బ్యాండు వాయించాలని.

"ఎవ్వల కాడ గింజ ముట్టొద్దన్నా. గిది మన పండుగ. మనం ఊరికి ఇచ్చేది" అన్నాడు పెద్దనాయినతో.

"ఇంట్ల పొయ్యి రాజేసి రెండు దినాలాయె. నువ్వు ఊరికిస్తవా?" అని పెద్దనాయిన కసిరాడు.

"ఒక్క పూట... ఒక్క పూటనన్న మన చెయ్యి మీద ఉండనియ్యే."

పెద్దనాయిన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. నాయిన ఆ రోజే డప్పు మెడలో వేసుకుని వీధి వీధీ తిరిగాడు. "రేపు పొద్దుగూకే యాల్లకు చావడి కాడ బ్యాండు! అందరు రాండ్రి! ఎవ్వలు ఏమీ ఇయ్యొద్దహో!" అని చాటాడు. జనం పడీ పడీ నవ్వారు. ఏమీ ఇవ్వొద్దని డప్పు కొట్టడం ఊళ్ళో ఎవరూ ఎరగరు మరి.

మర్నాడు సాయంత్రం బాగానే వచ్చారు. పెద్ద కులాల వాళ్ళు అరుగుల మీద, మావాళ్ళు కింద. నాయిన ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. ఎప్పుడూ కళ్ళు మూసుకునే వాయించేవాడు. ముందు గుడి పాట ఒకటి, తర్వాత బతుకమ్మ పాట ఒకటి. బతుకమ్మ పాటకు అరుగుల మీది ఆడవాళ్ళు చప్పట్లు కలిపారు. అంతవరకూ అంతా నాయిన అనుకున్నట్టే జరిగింది.

మూడో పాట మధ్యలో పటేలు భార్య చాటతో వచ్చింది. నేను నాయిన పక్కనే నిలబడి ఉన్నాను. "పట్టు పిల్లా" అంది. అంతే... నా చేతులు లంగా ఎత్తేశాయి. ఏమీ ఆలోచించలేదు. జొన్నలు ఒడిలో పడ్డాక గానీ నాయిన మాట గుర్తు రాలేదు.

అది చూసి తక్కిన ఆడవాళ్ళూ లేచి చాటల కోసం ఇళ్ళకు పోయారు. జనం కదిలిన అలికిడికి నాయిన కళ్ళు తెరిచాడు. క్లారినెట్ ఆగింది. నావైపు చూశాడు, తర్వాత ఆమెవైపు.

"ఇయ్యాల వద్దు పటేలమ్మా. జర చాట పట్టుండ్రి, పిల్ల మల్ల పోస్తది" అన్నాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "మీ ఒడిల వడ్డది నా చాటల పోస్తదా? దిమాక్ ఖరాబైందా ఏసోబూ? డప్పోన్ని ఉత్త చేతుల పంపితే మా ఇంటికి మంచిదా?" కోపంగా కూడా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

పెద్దనాయిన మెల్లగా తలరుమాలు విప్పి నేలమీద పరిచాడు. చాటలు ఒక్కొక్కటే వచ్చి దాంట్లో ఖాళీ అయ్యాయి. నాయిన మిగిలిన పాటలు పూర్తి చేశాడు. ఎలా వాయించాడంటే చెప్పలేను, నేను జొన్నలకేసే చూస్తున్నాను.

అమ్మ ఆ పూటే ఆ జొన్నలు తిరగట్లో విసిరి, చిక్కటి జావలా గటక కాచింది. మేమందరం కడుపునిండా తిన్నాం. నాయిన బయట రాయిమీద కూర్చున్నాడు.

"తినరాదూ... పిల్లమీద కోపమా?" అంది అమ్మ.

"దానిమీదెందుకే కోపం? పుట్టినకాడికెల్లి చేతులు సాపుడే నేర్పిస్తిమి గద" అన్నాడు. ఆ గింజలు అయిపోయేదాకా నాయిన గటక ముట్టలేదు. తర్వాత ఏ పండుగకూ ఊరికే వాయిస్తాననలేదు.

ఇప్పుడు మా మునిమనవడి బ్యాండుకు ఎర్ర కోట్లున్నాయి, ఫోన్‌లోనే అడ్వాన్సు వస్తుంది. మొన్న ఆ పటేలు ఇంటి పెళ్ళిలోనే వాయించాడు. పెళ్ళికొడుకు వాడి భుజంమీద చెయ్యేసి ఎగిరాడట. మారింది, మంచికే మారింది. కాదనను.

మీ ఇళ్ళలోనూ ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ఊరు తీసుకోని సంగతులుంటే కింద రాయండి. మా నాయినది నేనే చెప్పాలి... ఆ సాయంత్రం ఒడి పట్టింది నేనే కదా.