దొనకొండ ఫోల్డరు

గిద్దలూరులో మా చిన్నాయన ఫోటో స్టూడియోలో ఫోల్డర్లకు ఊళ్ల పేర్లే పెట్టేవాళ్లం. కొత్త ఫోటోలైతే "దొనకొండ", వేరే డిస్కులోకి కూడా ఎక్కించి ఇక చెరిపెయ్యొచ్చు అనుకున్నవైతే "దొనకొండ పాతవి". మనుషుల పేర్లు పెడదామంటే చిన్నాయన ఒప్పుకోడు. "ఊరు చెప్పకుండా ఎవురన్నా వచ్చినారా మన దుకాణానికి?" అంటాడు.

పాతవి చెరిపే పని నాది. మౌస్‌తో రోజూ ఈ తిప్పలేందని పైథాన్‌లో ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. ఫోల్డరు పేరు టైపు చేస్తే అదే చెరిపేస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఎన్ని మాటలున్నా ఒకే పేరుగా తీసుకునే ఏర్పాటు ఆ భాషలోనే ఉంది. నాకు తెలియక కాదు, పొగరు. టైపు చేసినదాన్ని ఖాళీ కనబడిన చోటల్లా తెంచే ఒక్క లైను రాసి పారేశాను. ఆ గుర్తులు ముక్కలకు అతుక్కుని "అలాంటి పేరు లేదు" అని విసిగిస్తుంటే వాటినీ పీకేశాను.

మళ్లీ "దొనకొండ పాతవి" అని కొట్టాను. స్క్రిప్టుకు అవి రెండు పేర్లు. "పాతవి" దొరకలేదంది. "దొనకొండ" దొరికింది, చెరిపేసింది. ఇంకెక్కడా దాచని ఫోటోలవి. కెమెరా కార్డుల మీద అప్పటికే వేరే పెళ్లిళ్లు ఎక్కాయి. పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్‌తో రెండు రోజులు తవ్వితే సగం సగం మొహాలు తేలాయి. చిన్నాయన తిట్టనన్నా తిట్టలేదు. "అట్ల ఎట్ల పోతాయే?" అని మాత్రం పదిసార్లు అడిగాడు.

వారం తిరక్కుండా దొనకొండ నుంచి ఒకామె వచ్చింది. భర్త చనిపోయాడు, చర్చివాళ్ల ఆదరణ కూడికకు పటం కావాలి.

"మా అక్క కూతురు పెండ్లిలో అన్నాల కాడ కూచోని నవ్వినాడమ్మా. ఆల్బంలో ఎయ్యలేదు. పోయిన నెల నీ కంప్యూటర్లోనే చూసినా."

"కంప్యూటర్ పాడైతే బాగు చేయించినాం పెద్దమ్మా, ఆ ఫోటో దొరుకుతాదో లేదో" అన్నాను. ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

ఆమె కొంగుముడి విప్పి ఆధార్ కార్డు ఇచ్చింది. అందులో ఆయన బెదిరిపోయి చూస్తున్నాడు. ఆ ఫోటోను తెర మీద పెద్దది చేసి, అలవాటు కొద్దీ కోటు తొడిగాను.

"కోటేందమ్మా, కూలికి పోయే మనిషికి? తీసెయ్. ఆ నవ్వు పెట్టు, చాలు."

కోటు తీసేశాను. పెదవులు రెండు పక్కలా కొంచెం లాగాను. ఆమె తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"ఈయన కాదమ్మా" అంది. ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. "నిదానంగా వెతుకు. నేను సాయంత్రం రైలుకి పోతాలే."