సూది, గోలీ, గుడ్డ

అరవైల మొదట్లో, శెనక్కాయ పంట నిలువునా ఎండిపోయిన ఏడు, పుచ్చిన పన్నొకటి నా దవడ ఎముక దాకా చీము పట్టించింది. టౌను ఆసుపత్రిలో దవడ కోసి, ఎముక గీకి, కుట్లు వేశారు.

మొదట్లో నొప్పికి సూది వేశారు. ఆ సుఖం ఏం చెప్పను, కాసేపటికే దవడ నాది కానట్టుండేది. తర్వాత సూది మాని గోలీలకు దిగారు. నోరు తెరుచుకోదు కనుక నా భార్య గోలీని నూరి, నీళ్ళలో కలిపి, చెంచాతో పెదవుల సందున పోసేది. ఒకటే చేదు. దాంతో నొప్పి సగమే తగ్గేది, ఆ సగమూ గంజి చల్లారేలోపే తిరిగొచ్చేది.

మా బెళుగుప్ప వైపు సూది వేస్తేనే వైద్యం. గోలీ ఇచ్చాడంటే డాక్టరు మనల్ని వదిలించుకున్నట్టే. సంతలో ఎద్దుల్ని బేరీజు వేసినట్టు రోజంతా ఆ రెంటినీ బేరీజు వేస్తూ, వార్డంతా వినబడేలా మూలిగేవాణ్ణి. సూది వేయమని అడగడానికి నా భార్యను డాక్టరు దగ్గరికి పంపాను. ఆ మందు ఎక్కువైతే అలవాటు పడిపోతారని, గోలీలతోనే ఓర్చుకోవాలని ఆయన చెప్పాడట. మళ్ళీ పంపాను. మళ్ళీ ఉత్తచేతులతోనే వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. పళ్ళ సందుల్లోంచే, "నీకేం తెలుస్తాది ఈ నొప్పి" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. నా చొంగ తుడిచిన గుడ్డను పిండుతూ, "పెద్దోడు పుట్టేటప్పుడు నా నోట్లో గుడ్డ కుక్కినారు. అరిస్తే అరుగు మీద మామకు ఇనపడ్తాదని" అంది.

కాన్పు గదిలోంచి ఆడమనిషి అరుపు మగవాళ్ళ చెవిన పడితే మా ఇళ్ళల్లో నామోషీ. అది నాకు తెలుసు. గుడ్డ సంగతే తెలియదు. ఆ రోజు అరుగు మీద నాయన పక్కన నేనూ కూర్చున్నాను. వచ్చినవాళ్ళకు బెల్లం పంచుతూ, మా ఆడది కిక్కురుమనకుండా కనేసిందని గొప్పలు పోయాను.

నొప్పికి ఏమిచ్చారని అడిగాను. కాన్పయినాక శొంఠి, బెల్లం నూరి కాయం పెట్టారంది. అంతకు ముందు గుడ్డే.

సిగ్గుతో తల తిప్పుకుందామంటే కుట్లు తిరగనివ్వలేదు. ఆమె ముఖం చూస్తూనే పడుకోవలసి వచ్చింది. మళ్ళీ సూది అడగలేదు గానీ, మూలగడం మాత్రం మానలేకపోయాను. నేను మూలిగినప్పుడల్లా ఆమె లేచి గోలీ నూరేది. అరవొద్దని ఒక్కసారైనా అనలేదు.