పన్నెండులో ఇమడని పాట

జెర్సీ సిటీలోని మనవాళ్ళలో నా గురించి ఒక మాట తిరుగుతున్నదని విన్నాను. నాకు ఒంట్లో బాగాలేదని, ఫ్లాటు ఖాళీ చేసి ఇర్వింగ్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళిపోతున్నానని. రెండూ నిజం కావు. పది రోజులపాటు నేను ఎవరి ఫోనూ తీయలేదన్నది మాత్రం నిజం. కారణం ఒకటే: మా పక్క ఫ్లాటు మాస్టారు పోయారు.

ఉదయం ఉత్తరాల కోసం కిందికి దిగినప్పుడు, భవనం గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చునే ఉద్యోగి చెప్పాడు. నిద్రలోనే పోయారట. నేను తల ఊపి, ఉత్తరాలు తీసుకుని, పైకి వచ్చి అన్నం వండుకున్నాను. తిన్నాను. గిన్నెలు కడిగి బోర్లించాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. మంచులో ఎక్కువసేపు ఉన్న వేళ్ళకు సూది గుచ్చినా తెలియదు చూడండి, అలా ఉంది.

మాస్టారు నల్లజాతి మనిషి. పాఠశాలలో పిల్లలకు బ్యాండు నేర్పి రిటైరయ్యారు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పానని తెలిసిన రోజు నుంచి నన్ను ‘ప్రొఫెసర్’ అనేవారు. ఆయన్ను నేను ‘మాస్టారు’ అన్నాను. అర్థం అడిగి తెలుసుకున్నాక, లిఫ్టులో తెలుగువాళ్ళెవరు కనిపించినా తన గుండె మీద వేలు పెట్టుకుని ‘మాస్టారు’ అని పరిచయం చేసుకునేవారు. నేను ఇచ్చిన గోంగూర పచ్చడిని ఉప్పు బిస్కెట్ల మీద రాసుకుని తినేవారు.

మా పరిచయం నా ఫిర్యాదుతో మొదలైంది. ఈ ఫ్లాటులోకి వచ్చిన మొదటి వారం, గోడ అవతల నుంచి రోజూ మధ్యాహ్నం సంగీతం. ఒకరోజు ఒంటి గిటారు, ఒకరోజు చెవులు దిమ్మెక్కించే డ్రమ్ములు, ఇంకోరోజు ఒక స్త్రీ గొంతు. అయిదో రోజు వెళ్ళి తలుపు తట్టి, ఒకే పాటను ఇన్నిసార్లు వినవలసిన అవసరమేమిటని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి రికార్డు ఆపి వచ్చారు.

“ఒకే పాట అని మీకెలా తెలిసింది?”

“చెవులున్నాయి కనుక” అన్నాను.

ఇంతకాలం ఇరుగుపొరుగువాళ్ళు చప్పుడని ఫిర్యాదు చేశారు గానీ, సరిగ్గా ఫిర్యాదు చేసింది నేనొక్కదాన్నేనని చెప్పి ఆయన టీ పెట్టారు.

పాట పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవారిలో చాలామందికి ఒక రాక్ బృందమే గుర్తుకొస్తుంది, మాస్టారు పడిన శ్రమంతా వృథా అవుతుంది. అది నల్లజాతి కూలీల కష్టంలోంచి పుట్టిన బ్లూస్ బాణీలో ఒక పాత పాట. రోజంతా ఎండలో పనిచేసిన మనిషి ఒక ఇంటి ముందు నిలబడి మంచినీళ్ళు అడుగుతాడు. ఒకే మాట రెండుసార్లు అడిగి, మూడోసారి జవాబు తనే చెప్పుకుంటాడు. దాన్ని మొదట ఈ దేశపు దక్షిణాది పత్తిచేలలో ఒక కూలిమనిషి ఒంటి గిటారుతో పాడాడు. ఆ తర్వాత ఎందరో రాక్ గాయకులు పాడారు, కొందరు చాలా గొప్పగా పాడారు. ఒక బృందం పాడితే, ఆ మనిషి నీళ్ళడగడానికి కాదు, తలుపు విరగ్గొట్టడానికి వచ్చినట్టుంటుంది.

శనివారం మధ్యాహ్నాలు మా వీధి చివరి గ్రంథాలయంలో మాస్టారు ఒక చిన్న బృందానికి ఇటువంటి పాటలు వినిపించేవారు. ఆయన పద్ధతి ఒకటుంది. అన్నిటికన్నా కొత్తదానితో మొదలుపెట్టి వెనక్కి నడిపించేవారు. ఎవరు పాడారో పాట అయ్యేదాకా చెప్పేవారు కాదు. చివరికి ఆ మొదటి మనిషి గరగరమనే రికార్డు దగ్గరికి చేర్చి, తన పని అయినట్టు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు.

అక్కడే నేను తప్పు చేశాను. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, ఏం విన్నా ఒళ్ళో చెయ్యి తాళం వేస్తుంది. బ్లూస్‌లో చరణానికి నాలుగేసి దెబ్బల భాగాలు పన్నెండు ఉంటాయని మాస్టారే చెప్పారు. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో చక్కగా ఆరు ఆవర్తాలు. రాక్ బృందాలన్నీ లెక్కకు సరిపోయాయి. అసలాయన దగ్గరికి వచ్చేసరికి ఒక చరణంలో రెండు దెబ్బలు తక్కువ, మరొక దానిలో మూడు ఎక్కువ. ఆయనకు తాళం తప్పిందని, తర్వాతివాళ్ళు దిద్దారని అందరి ముందూ తీర్పు చెప్పాను.

మాస్టారు నవ్వలేదు. “ఆయన పక్కన ఎవరూ లేరు, ప్రొఫెసర్. ఊపిరి ఉన్నంతసేపు పాడాడు, అయిపోయిన చోట ఆగాడు. ఒంటరిగా వాయించేవాడు ఎవరికోసం లెక్క సరిచూసుకోవాలి?”

నలుగురు కలిసి వాయించాలంటే ఎక్కడ తిరగాలో నలుగురికీ తెలియాలి, అందుకని ఆ పాటను పన్నెండులో కూర్చోబెట్టారని వివరించారు. నేను ఒంటరిగా బతకడాన్ని మా అమ్మాయితో సహా అందరూ ఒక లోపంగానే చూశారు. ఆ శనివారం మొదటిసారి ఎవరో దాన్ని ఒక నడకగా చూశారనిపించింది. ఆయన నా గురించి మాట్లాడలేదని తెలుసు. అయినా అనిపించింది.

రాక్‌ను ఆయన ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. చిన్నతనంలో ఆ పాటను తాను మొదట విన్నది రేడియోలో, ఇంగ్లండు కుర్రాళ్ళ గొంతులోనేనని కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు. ఆ రికార్డు కొని ఇంటికి తెస్తే, వంటింట్లోంచి వాళ్ళ నాయనమ్మ విని, “మన పాటే. ఇస్త్రీ చేశారు” అన్నదట. ఆ కుర్రాళ్ళు పాడకపోతే ఆ మొదటి పాటగాడు తనకు దొరికేవాడే కాదనేవారు మాస్టారు. ఎవరైనా పాడవచ్చు, ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పి పాడాలి. ఆయన కోరింది అంతే.

మా పై అంతస్తులో మాన్‌హట్టన్‌లో ఉద్యోగం చేసే ఒక తెలుగు ఇంజనీరు ఉన్నాడు. వారాంతాల్లో ఆఫీసు మిత్రులతో కలిసి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. ఒక శనివారం అతన్ని గ్రంథాలయానికి వెంట తీసుకువెళ్ళాను. “ఆంటీ, ఇది ఆ బ్యాండ్ సాంగే. కాలేజ్ డేస్ నుంచి ప్లే చేస్తున్నా, నాకు తెలీదా?” అంటూ దారంతా వాదించాడు. చివరి రికార్డు అయ్యాక నా వైపు తిరిగాడు. “అంటే ఇన్నేళ్ళూ నేను కవర్‌కి కవర్ కొట్టానన్నమాట” అన్నాడు. ఒకరి పాటను మరొకరు వాయిస్తే దాన్ని కవర్ అంటారట. మాస్టారికి ఇంగ్లీషులో చెబితే, ఆ రోజు ఆయన కళ్ళజోడు తీయడం మరిచిపోయి నవ్వారు.

చర్చిలో సంస్మరణ జరిగింది. అందరికీ తెలిసినదని మాస్టారి బంధువులు ఆ రాక్ పద్ధతినే కోరారు. ఇంజనీరు, అతని మిత్రులు వాయించారు. నా చెయ్యి ఒళ్ళో తాళం వేసింది, లెక్క సరిపోయింది. అంతకుమించి నాకేమీ తెలియలేదు. పాట అయ్యాక ఆ అబ్బాయి మైకు ముందుకు వచ్చి, ఇది ఎవరి పాటో, ఆయన ఎక్కడివాడో, మాస్టారు తనకెలా చెప్పారో చెప్పాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

“కరెక్ట్‌గా చెప్పానా ఆంటీ?”

“పుట్టిన రాష్ట్రం తప్పు చెప్పావు.”

అతను తల పట్టుకున్నాడు. “అయ్యో. మాస్టారిని ఒకసారి అడుగుదామనే అనుకున్నా.” గిటారు సంచి భుజానికెత్తుకున్నాడు. “ఇక ఎవర్ని అడగాలి ఆంటీ?”

బయట గ్రంథాలయం ఆవిడ కనిపించి, నడిపేవారు లేరు కనుక నెలాఖరుతో శనివారం బృందాన్ని తీసివేస్తున్నామని బాధపడుతూ చెప్పింది. ఆ సాయంత్రమే మా అమ్మాయి ఫోను. పదకొండో రోజు గనుక తీశాను. “అమ్మా, అక్కడ ఒక్కదానివే ఏం చేస్తావ్? కింద రూమ్ రెడీ చేశాం, డాక్టర్‌ని కూడా చూసి పెట్టాను. జస్ట్ వచ్చేయ్.” ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను కూడా. ఆ ఒక్క మాటే మీ అందరి దాకా వచ్చి, నేను సామాను సర్దుకుంటున్నానన్న కబురైందని ఇప్పుడు అర్థమవుతున్నది.

రెండు రోజులు ఆలోచించాను. నాకు గిటారు పట్టుకోవడం రాదు. ఆ పత్తిచేలు నేను చూడలేదు, ఆ ఎండ నా పూర్వీకులది కాదు. ఆ పాటను నడిపించడానికి నాకు ఏ హక్కూ లేదు. నేను ఊరుకుంటే మాత్రం, ఈ వీధిలో అది మళ్ళీ ఆ బృందం పాటే అయిపోతుంది.

సోమవారం ఉదయం గ్రంథాలయానికి నడిచి వెళ్ళాను. ఎవరినీ అడగలేదు. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఇది అచ్చయ్యే ఈ పత్రిక వాళ్ళింటికీ వెళుతుంది, చదివి తెలుసుకుంటుంది. గ్రంథాలయం ఆవిడ ఒక కాగితం ఇచ్చింది. బృందాన్ని నడిపేవారి పేరు అన్నచోట నా పేరు రాశాను. ఎన్నాళ్ళు అన్నచోట, ఓపిక ఉన్నన్నాళ్ళు అని రాశాను. కింద సంగీతంలో అర్హతలు రాయమని ఒక పెద్ద గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి, సంతకం చేసి ఇచ్చేశాను.